ఉప్పు వేసి చక్కెర తీయడం

గాజువాకలో మా డాబా ఎక్కితే స్టీల్‌ప్లాంట్ గొట్టాలు కనబడతాయి. ఆ పొగలో పోయే కార్బన్ డయాక్సైడ్‌ని తిని చక్కెర వదిలే సూక్ష్మజీవిని తయారుచేయడమే రెండేళ్లుగా ల్యాబ్‌లో నా పని. ఫ్లాస్కు స్థాయిలోనే లెండి. ఈ దారి అమెరికాలో డేనియల్ డుకాట్ బృందం 2012లో చూపించింది. కాలేజీ బయోసేఫ్టీ కమిటీ అనుమతి చేతికి రాకుండా మాత్రం మొదలుపెట్టకండి.

జీవి పేరు సైనెకోకాకస్ ఎలాంగేటస్, పీసీసీ 7942 రకం; మొక్కల్లా వెలుతురుతో బతికే పచ్చని బ్యాక్టీరియా. నీళ్లలో ఉప్పు పెరిగితే తట్టుకోడానికి ఒంట్లో చక్కెర చేసుకుంటుంది. బయటికి వదిలే తలుపు దానికి లేదు. ఆ తలుపు ఇ.కోలై అనే మరో బ్యాక్టీరియాలో ఉంది, దాన్ని చేసేది సీఎస్‌సీబీ అనే జన్యువు. అక్కడ చక్కెరని లోపలికి లాగుతుంది; మనం జీవిని పెంచే ద్రావణం క్షారం కాబట్టి ఇక్కడ బయటికి పంపుతుంది. జన్యువుని మోసుకెళ్లే గుండ్రటి డీఎన్‌ఏ, అంటే ప్లాస్మిడ్‌లో, ఈ జన్యువూ యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువూ ఉండాలి; అవి క్రోమోజోములోకి ఎక్కడానికి రెండు పక్కలా దానితో సరిపోలే ముక్కలుండాలి.

బీజీ-11 అనే పోషక ద్రావణంలో 30 డిగ్రీల దగ్గర, వెలుతురులో పెంచండి. అరిటాకు పచ్చకి వచ్చాక 15 మి.లీ. సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి కణాలు అడుక్కి దించి, 10 మిల్లీమోలార్ ఉప్పునీళ్లతో కడిగి, 0.3 మి.లీ. బీజీ-11లో కలపండి. సుమారు 100 నానోగ్రాముల ప్లాస్మిడ్ వేసి, ట్యూబుకి ఫాయిల్ చుట్టి రాత్రంతా మెల్లగా తిప్పుతూ ఉంచండి. కరెంటు షాకులేం అక్కర్లేదు, డీఎన్‌ఏని అదే మింగుతుంది. మర్నాడు యాంటీబయాటిక్ ప్లేటు మీద పరవండి. ప్లేట్లు బోర్లించే పెట్టాలి. ఆగస్టు ఉక్కలో మూత లోపల చుక్కలు కట్టి, కాలనీల మీద కారి, అన్నీ కలిసిపోయిన ప్లేట్లు నాలుగు ఆటోక్లేవ్ చేసి పారేశాను.

వారం, పది రోజులకి పచ్చని చుక్కలు వస్తాయి. అప్పుడే స్వీట్లు పంచకండి. ఈ కణంలో క్రోమోజోము ఒక్కటి కాదు, మూడు నాలుగు ప్రతులుంటాయి. జన్యువు ఒకదాంట్లోకి ఎక్కినా కాలనీ బతికేస్తుంది. మొదటిసారి నేను పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కని కాపీలుగా పెంచి చూసే పరీక్ష) చేయకుండానే యాంటీబయాటిక్ మానేశాను. నెల తిరిగేసరికి జన్యువు ఎక్కని పాత ప్రతులే మిగిలాయి. అందుకని యాంటీబయాటిక్ ఉన్న కొత్త ప్లేటు మీదికి మూడు నాలుగుసార్లు గీస్తూ, పీసీఆర్‌లో పాత ప్రతిని చూపే గీత (బ్యాండు) పూర్తిగా మాయమయ్యేదాకా ఆగండి.

తర్వాత ఐపీటీజీ అనే రసాయనంతో జన్యువుని నిద్రలేపి, ఉప్పు లీటరుకి సుమారు 9 గ్రాములకి తేవాలి. మనకి ఉప్పునీళ్లకేం కొదవ, ఆర్కే బీచ్ నుంచి తెచ్చి పోద్దామనుకున్నాను. సముద్రంలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉంటుంది, ఈ మంచినీటి జీవి తట్టుకోదు. ల్యాబ్ సోడియం క్లోరైడే వాడండి. రెండు మూడు రోజులాగి, కణాలు దించేసి, పైన తేరిన నీటిని సుక్రోజ్ (అదే మన చక్కెర) కొలిచే కిట్‌తో చూడండి. రోజూ ఒక చుక్క మైక్రోస్కోపు కింద కూడా పెట్టండి: తీపి బయటపడిందంటే చీమలకంటే ముందే వేరే బ్యాక్టీరియా వచ్చి వాలిపోతుంది.