ఒకే చర్చిలో సాంప్రదాయ, సమకాలీన ఆరాధనలు విడివిడిగా ఎలా మొదలుపెట్టాలి?

ఒకే సంఘంలో కొందరికి ఆర్గాన్, క్వైర్, చేతిలో కీర్తనల పుస్తకం లేకపోతే ఆదివారం ఆదివారంలా ఉండదు. ఇంకొందరికి గిటార్, డ్రమ్స్, తెర మీద పాట కావాలి. రెండూ ఒకే ఆరాధనలో ఇరికిస్తే చాలాసార్లు రెండు వర్గాలూ సగం చిరాకుతోనే ఇంటికి వెళ్తాయి. అందుకే చాలా చర్చిలు రెండు సర్వీసులు పెట్టుకుంటున్నాయి. పాటల ఎంపిక అందులో చిన్న పని. అసలు పనంతా గడియారం దగ్గర, సౌండ్ దగ్గర ఉంటుంది.

1. ముందు కారణం తేల్చుకోండి

హాలు సరిపోవడం లేదా? పాత పద్ధతి పడక రాకుండా పోతున్నవాళ్లు నిజంగా ఉన్నారా? అయితే రెండో సర్వీసుకు అర్థం ఉంది. అలా కాకుండా, సంఘంలో ఇద్దరు పెద్దలకు పడటం లేదు కాబట్టి విడగొడదాం అనుకుంటే, అది గొడవకు రెండు టైములు పెట్టినట్టే. ముందు ఆ ఇద్దరినీ కూర్చోబెట్టండి. “యూత్ వస్తారు” అనే ఆశ ఒక్కదాని మీద కూడా మొదలుపెట్టకండి. ఆ యూత్‌లో ఎందరు వాయిస్తారు, ఎందరు పొద్దున్నే వచ్చి వైర్లు సర్దుతారు అని అడగండి. పేర్లు రాసుకోండి.

2. “పాతది, కొత్తది” అనే వాదన మొదలవకముందే ఆపండి

మీటింగ్‌లో ఈ మాట తప్పక వస్తుంది. ఇవాళ సాంప్రదాయం అంటున్నది ఒకప్పుడు కొత్తదేనని అప్పుడు గుర్తు చేయండి. 1707లో ఇంగ్లిష్ పాటల రచయిత ఐజాక్ వాట్స్ తాను రాసిన ఆరాధన పాటల సంపుటిని అచ్చు వేయించేనాటికి ఇంగ్లండ్‌లో చాలా సంఘాలు బైబిల్లోని కీర్తనలను పద్యాలుగా కట్టి పాడుకునేవి. మనిషి సొంతంగా కూర్చిన పాటను ఆరాధనలో పాడొచ్చా అన్నదే అప్పట్లో పెద్ద వివాదం. ఆర్గాన్ కూడా అంతే. 1520లలో స్విట్జర్లాండ్‌లో జ్వింగ్లీ అనే సంస్కర్త చర్చి సంస్కరణ తెచ్చాక జ్యూరిక్ చర్చిల్లో ఆర్గాన్ మోగడమే ఆగిపోయింది. గిటార్ పట్టిన కాలిఫోర్నియా కుర్రాళ్లు 1960ల చివర్లో ఎదుర్కొన్నదీ ఇలాంటి ప్రశ్నలే. ఈ చరిత్ర చెప్తే పెద్దవాళ్లకు కోపం తగ్గుతుంది, కుర్రవాళ్లకు పొగరు తగ్గుతుంది.

3. రెండింటిలో మారనివి ఏవో రాసిపెట్టుకోండి

ప్రసంగం ఒకటే, ఆ వారం చదివే వాక్యభాగం ఒకటే, ప్రకటనలు ఒకటే. ప్రభు భోజనం రెండింటిలోనూ ఉండాలి, ఒకే వారం ఉండాలి. పాస్టర్ కూడా వీలైనంతవరకు ఒకరే ఉండాలి. రెండో సర్వీసుకు వేరే ప్రసంగీకుడు స్థిరపడ్డాడంటే, కొన్నాళ్లకు అది వేరే సంఘమే అవుతుంది.

4. టైము, మధ్యలో ఖాళీ

ఎక్కువ చర్చిలు చెడేది ఇక్కడే. గంటన్నర ఆరాధన అనుకుంటే రెండింటి మధ్య కనీసం నలభై ఐదు నిమిషాలు ఉంచండి. ఆ టైములో ఏం జరగాలో ఒకసారి చూడండి: మొదటివాళ్లు బయటికి రావాలి, క్వైర్ స్టాండ్లు పక్కకు జరగాలి, డ్రమ్స్ ముందుకు రావాలి, మైకులు మారాలి, సౌండ్ చెక్ కావాలి. ప్రార్థన కోసం ఆగినవాళ్లు ముందు వరసలో తల వంచుకుని ఉంటే, వాళ్ల నెత్తి మీద “చెక్, వన్ టూ” అనడం ఎంత దారుణమో చెప్పక్కర్లేదు. వీలైతే బ్యాండ్ సౌండ్ చెక్ మొదటి సర్వీసు కంటే ముందే ముగించి, డిజిటల్ మిక్సర్ అయితే రెండు సర్వీసుల సెట్టింగులూ వేర్వేరుగా సేవ్ చేసుకోండి. తర్వాత ఒక్క బటన్‌తో పని అయిపోతుంది.

ఈ ఖాళీలోనే టీ పెట్టండి. వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేది అక్కడే. సండే స్కూల్ కూడా ఆ మధ్యలో పెడితే రెండు గుంపుల పిల్లలూ కలుస్తారు, కానీ అప్పుడు ఖాళీ గంట దాటాలి.

5. పాటలు, శ్రుతి

సమకాలీన ఆరాధనలో కనిపించే పెద్ద లోపం, రికార్డింగ్‌లో ఉన్న శ్రుతిలోనే పాడటం. అది స్టేజీ మీద పాడే గాయకుడి గొంతుకు సరిపోతుంది, సభకు అందదు. శ్రుతి రెండు మెట్లు దించండి, అప్పుడు జనం నోరు తెరుస్తారు. ఒక ఆదివారం ఒక్క కొత్త పాటే నేర్పి, వరుసగా రెండు మూడు వారాలు పాడండి. తెర నడిపేవాళ్లు చివరి లైను పాడుతుండగానే తర్వాతి స్లైడు వేయాలి, అయిపోయాక కాదు.

6. కాపీరైట్

ఆరాధనలో పాట పాడటానికి అమెరికా చట్టంలో మినహాయింపు ఉంది. కాపీరైట్ ఉన్న పాట మాటల్ని తెర మీద వేయడానికి మాత్రం అది సరిపోదు, అనుమతి కావాలి. అనేక దేశాల్లో చర్చిలు చర్చి పాటలకు అనుమతులిచ్చే సీసీఎల్ఐ లాంటి సంస్థల లైసెన్సు తీసుకునేది ఇందుకే. ఆన్‌లైన్ ప్రసారానికి లైసెన్సు మళ్లీ వేరు. మీ దేశ చట్టం కనుక్కోండి. పాత కీర్తనే కదా అని ధీమా వద్దు, దాని కొత్త బాణీకో అనువాదానికో హక్కులు ఉండొచ్చు.

7. సాంప్రదాయ సర్వీసును మిగులులా చూడకండి

మంచి గొంతులన్నీ కొత్త బ్యాండుకు పోయి, పాతదానికి అరిగిన మైకు మిగిలితే పెద్దవాళ్లకు విషయం వెంటనే అర్థమవుతుంది. క్వైర్‌కూ ప్రాక్టీసు రోజు, బడ్జెట్ ఇవ్వండి. కుర్రవాళ్లలో క్వైర్ ఇష్టపడేవాళ్లు, పెద్దవాళ్లలో డ్రమ్స్ ఇష్టపడేవాళ్లు ఉంటారు. కాబట్టి వయసు చూసి ఎవరినీ ఏ సర్వీసుకూ తోయకండి.

8. ఆరు నెలలు చూడండి

మొదలుపెట్టేటప్పుడే “ఇది ఆరు నెలల ట్రయల్” అని చెప్పండి, టెన్షన్ తగ్గుతుంది. క్రిస్మస్, ఈస్టర్ లాంటి రోజుల్లో అందరికీ ఒకే ఆరాధన పెట్టి, క్వైర్, బ్యాండ్ కలిసి పాడేలా చూడండి. గడువయ్యాక హాజరు లెక్కతో పాటు ఇంకో లెక్క తీయండి: కొత్తగా వచ్చినవాళ్లెందరు, పాత సర్వీసు నుంచి జరిగి వచ్చినవాళ్లెందరు? అందరూ జరిగి వచ్చినవాళ్లే అయి, రెండు సర్వీసుల్లోనూ హాలు సగం ఖాళీగా ఉంటే మళ్లీ ఒకటి చేసేయండి. అది ఓటమి అనిపించుకోదు, ట్రయల్ అని ముందే చెప్పారు కదా.