గాలం వేశాక బెండు కదలకపోతే: ఎక్కడ తప్పుందో పట్టుకోవడం ఎలా

బుచ్చిరెడ్డిపాళెం దగ్గర కనిగిరి రిజర్వాయర్ ఉంది. పేరు చూసి కనిగిరి పట్టణం అనుకోవద్దు, ఇది నెల్లూరుకి దగ్గర్లోనిదే. ఒక ఆదివారం ఉదయం ఆరుకి అక్కడ గాలం వేశాను. పది దాకా బెండు ఉలకలేదు, పలకలేదు. మూడుసార్లు ఎర మార్చాను, రెండుసార్లు చోటు మార్చాను. పక్కన వల విదిలించుకుంటున్న పెద్దాయన చాలాసేపు చూసి చూసి అడిగాడు: "నీళ్లెంత లోతున్నాయో చూసుకున్నావా అబ్బయ్యా? చూసుకోకుండా చేపని తిట్టబాక."

ఆయనే ఒక చిన్న రాయి నా గాలపు ముల్లుకి కట్టి నీళ్లలోకి దించాడు. నీళ్లు ఏడడుగులు ఉన్నాయి. నా ఎర మూడడుగుల దగ్గర వేలాడుతోంది. ఆ రోజు ఎండకి చేపలన్నీ అడుగు పట్టుకుని ఉన్నాయి. బెండు పైకి జరిపి, ఎరని నేలకి జానెడు పైన ఉంచాం. అరగంటలో రెండు మోసు చేపలు పడ్డాయి.

చేపలు పడని రోజు మనం చేసే పెద్ద పొరపాటు అన్నీ ఒకేసారి మార్చెయ్యడం. అలా చేస్తే చేప పడినా ఎందుకు పడిందో తెలియదు, రేపు మళ్లీ మొదటికే వస్తాం. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మార్చాక కనీసం పావుగంట ఆగండి. ముందు లోతు, తర్వాత చోటు, తర్వాత ముల్లు సైజు, అన్నిటికన్నా చివర ఎర. చాలామంది ఎరతో మొదలుపెడతారు, నా అనుభవంలో తప్పు అక్కడ ఉండేది తక్కువ.

ఇంకో మాట. మన చెరువుల్లో చాలావాటిలో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది. డబ్బు పెట్టి పిల్లల్ని వదిలి పెంచుకున్న చేప అది. అడగకుండా గాలం వెయ్యకండి. మర్యాదగా అడిగితే ఒక్క కర్రకి కాదనేవాళ్లు అరుదు, పైగా ఏ మూల లోతో, ఏ మూల మొద్దులున్నాయో వాళ్లే చెబుతారు.

బెండు అసలు కదలడం లేదు

మొదటి అనుమానం లోతు మీదే. బొచ్చె పైనీళ్లలో తిరిగే చేప, దాని నోరే పైకి తిరిగి ఉంటుంది. శీలావతి నడిమి నీళ్లలో మేస్తుంది. మోసు, బంగారు తీగ అడుగున బురద వెతుక్కుంటాయి. కాబట్టి "ఇక్కడ చేపలు లేవు" అనుకునే ముందు మీ ఎర ఏ అంతస్తులో ఉందో తెలుసుకోవాలి.

కొలిచే పద్ధతి చాలా తేలిక. బెండుని ముంచేంత బరువున్న సీసం ముక్కని ముల్లుకి గుచ్చి దించండి. బెండు పూర్తిగా మునిగిపోతే లోతు ఇంకా ఉంది, బెండుని పైకి జరపండి. బెండు అడ్డంగా పడుకుని తేలితే దారం ఎక్కువైంది, కిందికి జరపండి. కొన మాత్రమే నీళ్లపైన కనిపిస్తే అదే సరైన లోతు. తర్వాత ముల్లుని కర్ర మొదట్లో తగిలించి, బెండు ఎక్కడికొస్తుందో ఆ చోట కర్రకి ఎర్రదారం చుట్టుకోండి. రోజంతా ఎన్నిసార్లు మార్చినా మళ్లీ అక్కడికే రావచ్చు.

మోసు కోసమైతే అక్కడే మొదలుపెట్టండి. పావుగంటకి కదలిక లేకపోతే అడుగు చొప్పున పైకి రండి. బొచ్చె కోసమైతే రెండడుగుల లోతు దగ్గర మొదలుపెట్టి కిందికి వెళ్లండి.

ఎండాకాలంలో ఒక మెలిక ఉంది. కండలేరు, సోమశిల లాంటి లోతైన జలాశయాల్లో పైనీళ్లు వేడెక్కి, కిందినీళ్లు చల్లగా, కదలకుండా విడిగా ఉండిపోతాయి. ఆ అడుగు నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఎండ ఎక్కువగా ఉంది కదా, చల్లగా అడుగున ఉంటాయిలే అని ముప్పై అడుగుల లోతుకి ఎర దించితే ఖాళీ గదిలో అన్నం పెట్టినట్టే. అలాంటి చోట నడిమి నీళ్లలో వెతకండి, లేదా పన్నెండు, పదిహేనడుగులకి మించని ఒడ్డుకి మారండి.

లోతు సరిచేసినా కదలిక లేకపోతే గాలి చూడండి. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి మళ్లుతుంది, తూర్పు నుంచి వీస్తుంది. నీళ్ల మీద తేలే నాచు, పురుగులు పడమటి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. అలల వల్ల అక్కడి నీళ్లలో గాలి కూడా కలుస్తుంది. గాలికి ఎదురుగా కూర్చుంటే మొహాన కొడుతుంది, దారం విసరడం కష్టం. అయినా ఆ ఒడ్డే మంచిది. నేను సాయంత్రం నాలుగు దాటితే పడమటి గట్టు తప్ప ఇంకోటి చూడను.

బెండు టకటకా వణుకుతోంది, ఎర పోతోంది, ముల్లుకి ఏమీ ఉండదు

ఇది పరిగెలనే చిన్న చేపల పని, లేదా చిన్న జిలేబీలది (తిలాపియా చేపలు). వాటి నోట్లో మీ ముల్లు పట్టదు. అంచులు కొరుక్కుని వెళ్లిపోతాయి.

పెద్ద చేపే కావాలంటే ఎర గట్టిగా, పెద్దగా ఉండాలి. గోధుమపిండి, తవుడు, వేరుశనగ చెక్క పొడి కలిపే ముద్దలో కాస్త దూది పీచు కలిపి పిసకండి. పీచు ముద్దని ముల్లుకి పట్టి ఉంచుతుంది. సంగటి ముద్ద కూడా బాగా నిలబడుతుంది, కొంచెం ఆరనిచ్చి వాడాలి. అయితే ముద్ద రాయిలా ఉంటే చేప నోట్లో పెట్టుకున్నా ముల్లు బయటికి రాదు. రెండు వేళ్లతో గట్టిగా నొక్కితే చిదిమిపోవాలి, నీళ్లలో పది నిమిషాలు ఊడకుండా ఉండాలి. ఆ రెండిటి మధ్య ఉన్నదే సరైన ముద్ద.

పరిగెలు మరీ ఎక్కువగా ఉంటే వాటికి వేరే చోట మేత వేసి అటు మళ్లించండి. పది బారల దూరంలో పిడికెడు తవుడు చల్లితే గుంపు అటు పోతుంది.

బెండు ఏదో చేస్తోంది, ఎప్పుడు లాగాలో తెలియడం లేదు

బెండు కదలికని బట్టి కింద ఏముందో చాలావరకు చెప్పొచ్చు.

బెండు మునగాల్సింది పోయి పైకి లేచి పక్కకి పడుకుంటే, అది అడుగున మేసే చేప. ఎర నోట్లో పెట్టుకుని తల పైకెత్తినప్పుడు సీసాన్ని కూడా ఎత్తుతుంది. బరువు తగ్గిన బెండు పైకి తేలుతుంది. కొత్తవాళ్లు ఇది చూసి దారం చిక్కుపడిందేమో అనుకుని ఆగుతారు. ఆగకూడదు, అదే లాగాల్సిన క్షణం.

బెండు మునగకుండా నిదానంగా ఒక పక్కకి నడుస్తుంటే శీలావతి కావొచ్చు, తాబేలు కావొచ్చు. శీలావతి అయితే నడక మధ్యలో వేగం పెరుగుతుంది. తాబేలు ఒకే వేగంతో పోతుంది, లాగితే తడిబట్ట లాగినట్టు బరువుగా వస్తుంది. తాబేలు పడితే దారం కోసేసి వదిలెయ్యకండి. ఒడ్డుకి తెచ్చి, తడిగుడ్డతో పట్టుకుని, ముల్లు జాగ్రత్తగా తీసి నీళ్లలో వదలండి. ముల్లు మింగి పోయిన తాబేలు నెమ్మదిగా చస్తుంది.

ఒక్కసారిగా గబుక్కున మునిగితే జెల్ల గానీ వాలుగ గానీ. అప్పుడు ఆలోచించే పని లేదు.

లాగడం అంటే బావిలో చేద గుంజినట్టు కాదు. దారం బిగిసే దాకా కర్ర వంచి, మణికట్టు తిప్పితే చాలు.

పట్టింది, సగం దూరం వచ్చి జారిపోయింది

రెండే కారణాలు. ఒకటి, ముల్లు మొండి. బొటనవేలి గోరు మీద ముల్లు మొనని మెల్లగా జరిపి చూడండి. గీత పడి ఆగితే వాడిగా ఉన్నట్టు, జారిపోతే మార్చెయ్యండి. రాళ్ల గట్టు మీద నాలుగు సార్లు తగిలిన ముల్లు పనికిరాదు. రెండు, మరీ గట్టిగా లాగారు. బొచ్చె పెదవి పలచన, ముల్లు చీల్చుకుని బయటికొస్తుంది. రీలు ఉంటే డ్రాగ్‌ని (చేప లాగినప్పుడు దారం వదిలే బిగింపుని) దారం బలంలో మూడో వంతుకన్నా తక్కువకి పెట్టి, చేపని పరుగెత్తనివ్వండి.

ముల్లు నంబర్ల దగ్గర చాలామంది పొరబడతారు. నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది, 1/0, 2/0 అని సున్నా ఉన్నవాటిలో మాత్రం పెద్దదవుతుంది. పరిగెలకి 14, మోసు, శీలావతికి 8 లేదా 6, కొర్రమీనుకి 1 గానీ దానికన్నా పెద్దది గానీ. కంపెనీని బట్టి కొంచెం తేడా ఉంటుంది.

దారం తెగింది

బాధపడేముందు తెగిన కొస చూడండి, కారణం అక్కడే రాసి ఉంటుంది. కొస పందితోకలా మెలికలు తిరిగి ఉంటే దారం తెగలేదు, ముడి జారింది. ముడి బిగించేముందు ఉమ్ముతో తడపాలి. పొడిగా బిగిస్తే నైలాన్ రాపిడికి వేడెక్కి బలం పోతుంది. కొసకి పైన దారం గరుగ్గా, పీచులేచి ఉంటే రాయికో గుల్లకో ఒరుసుకుంది. ఆ గరుకు ఉన్నంత మేర కోసి పారెయ్యండి, పొదుపు చెయ్యకండి. ఇవేవీ కాక నున్నగా తెగితే దారం పాతది. మన ఎండకి కారులో, గట్టు మీద పడున్న నైలాన్ ఏడాదిలోనే పెళుసెక్కుతుంది.

సోమశిల వెనక నీళ్లలో ముంపులో పోయిన ఊళ్ల గోడలు, చెట్ల మొద్దులు ఉంటాయి. అక్కడ అడుగు దారం అసలు దారంకన్నా సన్నగా కట్టండి. చిక్కుకుంటే ముల్లొక్కటే పోతుంది, బెండు, సీసం చేతికొస్తాయి. తెగిన దారం ముక్కలు గట్టు మీద వదలొద్దు. కొంగల కాళ్లకి చుట్టుకుని అవి ఎగరలేక పడి ఉండటం నేను కళ్లారా చూశాను.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఎర మాత్రం ముట్టడం లేదు

పచ్చటి నీళ్లున్న ఊరి చెరువులో తెల్లవారుజామున కనిపించే దృశ్యం ఇది. చేపలు ఇన్ని ఉన్నాయే అని ఆశ పుడుతుంది. అవి మేతకి రాలేదు, ఊపిరాడక వచ్చాయి. చెరువు పచ్చగా ఉండటానికి కారణమైన నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే పీల్చుకుంటుంది. సూర్యుడు రాకముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. రెండు రోజులు మబ్బు పట్టి ఉంటే ఇంకా ఘోరం. చేపల గుంటలు చేసే రైతులు ఆ వేళలో ఏరియేటర్లు తిప్పేది ఇందుకే.

"చేపలకి తెల్లవారుజామే మంచిది" అన్న మాట అన్ని నీళ్లకీ ఒకేలా వర్తించదు. గాలి ఆడే పెద్ద జలాశయంలో, పెన్నలో పారే నీళ్లలో నిజమే. పచ్చటి చెరువులో మాత్రం ఎండ కాస్త ఎక్కి, ఎనిమిదిన్నర, తొమ్మిది అయ్యాక మొదలుపెట్టండి. ఆ లోపల మేత కూడా చల్లొద్దు. తినని మేత కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. తొమ్మిదైనా చేపలు అలాగే తేలుతుంటే ఆ రోజు అక్కడ గాలం వెయ్యకండి, చెరువు చూసుకునేవాళ్లకి చెప్పండి.

నిన్న పడ్డాయి, ఈ రోజు ఒక్కటీ లేదు

నీటిమట్టం చూడండి. ఎడగారు (రెండో పంట) పైరుకి నీళ్లు వదిలితే రాత్రికి రాత్రే ఒడ్డు వెనక్కి జరుగుతుంది. నీళ్లు తగ్గుతున్నప్పుడు చేప అంచు వదిలి లోపలికి పోతుంది. నిన్న కూర్చున్న రాయి దగ్గరే ఈ రోజూ వెయ్యడంలో అర్థం లేదు. లోతు మళ్లీ కొలవండి. నీళ్లు పెరుగుతుంటే దీనికి రివర్స్, కొత్తగా మునిగిన గడ్డిలోకి చేపలు వస్తాయి, మోకాలి లోతులో కూడా పడతాయి.

అక్టోబరు, నవంబరు వానలకి వాగు కలిసి నీళ్లు ఎర్రగా మారితే బొచ్చె, శీలావతి సంగతి మర్చిపోండి. ఆ నీళ్లలో వాసన పట్టుకుని వచ్చేది జెల్ల. వానపాములు నాలుగైదు గుత్తిగా గుచ్చి అడుగున వెయ్యండి. ఎర్రనీళ్లు, తేట నీళ్లు కలిసే గీత కనిపిస్తే దాని తేట వైపు వెయ్యండి. జెల్ల రెక్కముల్లు జాగ్రత్త, వట్టి చేత్తో పట్టుకోవద్దు.

కొర్రమీను కనిపిస్తోంది, ఎర దగ్గరికొచ్చి వెళ్లిపోతోంది

తామరాకుల పక్కన నీళ్లపైన ఎర్రగా, కుంకుమ చల్లినట్టు చిన్న పిల్లల గుంపు కదులుతోందేమో చూడండి. కింద కాపలా ఉన్నది తల్లీ తండ్రీ. అవి ఆకలికి రావు, తరమడానికి వస్తాయి. ఎరతో ఉడికించి పట్టెయ్యొచ్చు, కానీ పట్టకండి. పెద్దవి పోయిన గంటలోపే పరిగెలు, జిలేబీలు ఆ పిల్లల్ని తినేస్తాయి. ఇంకో మడుగుకి పొండి.

పిల్లలు లేకుండానే వెనక్కి పోతుంటే మీ నీడ పడుతోంది. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు, పైన కదిలేదంతా దానికి కనిపిస్తుంది. సూర్యుడు మీ ఎదురుగా ఉండేలా నిలబడండి.

పదకొండయింది, ఇంకా సంచి ఖాళీ

మబ్బు ఉరుముతుంటే వెంటనే గట్టు దిగండి. చేతిలో ఉన్నది పొడవాటి కార్బన్ కర్ర. కరెంటు తీగల కిందా దాన్ని ఎత్తొద్దు. పెన్నలో దిగి లోపలికి పోయి విసురుదామనే ఆలోచనా వద్దు, ఇసుక తీసిన గుంతలు పైకి కనిపించవు.

వాతావరణం బాగుంటే పెద్ద చేప ఆశ పక్కన పెట్టి, 14 నంబరు ముల్లు, సన్న దారం, చిన్న బెండు కట్టండి. చింతగింజలో సగం ముద్ద చాలు. నిమిషానికోసారి నీళ్లలో చిటికెడు తవుడు, అంతకు మించి వద్దు, కడుపు నిండిన చేప ముల్లు దగ్గరికి రాదు. పిల్లలు వెంట ఉంటే కర్ర వాళ్ల చేతికివ్వండి. గంటలో అరకిలో పరిగెలు పడతాయి. తడిగోనెలో చుట్టి, నీడన పెట్టి తీసుకెళ్లండి. ఇంట్లో పులుపు మామిడికాయ ఒకటి ఉంటే, ఆ సాయంత్రం మట్టి దాకలో పెట్టే పులుసుకి అవి సరిపోతాయి.