సొంత క్యూబ్ తయారు చేసుకోవడం ఎలా? మ్యాజిక్ కార్డులతో 360 ముక్కల పెట్టె

రమ్మీ ఆడే ఇంట్లో పేక కట్ట ఎవరు కొన్నారో ఎవరూ పట్టించుకోరు. కట్ట ఒకటే, అందరికీ అందులోంచే పంచుతారు. మ్యాజిక్: ద గ్యాదరింగ్ లాంటి ఆటల్లో అలా కుదరదు. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ఈ ఆటలో ఎవరి డెక్ వాళ్లే కొనుక్కుని తెచ్చుకోవాలి. ఎక్కువ డబ్బు పెట్టగలిగినవాళ్ల చేతిలో మంచి కార్డులు ఉంటాయి. ఆ తేడా లేకుండా చేసేది క్యూబ్.

క్యూబ్ అంటే ఒకరు ఏరి కూర్చి పెట్టిన కార్డుల పెట్టె. సాధారణంగా ఒక్కో కార్డు ఒక్కటే ఉంటుంది. ఆడేవాళ్లంతా చుట్టూ కూర్చుంటారు. చేతికొచ్చిన ప్యాక్‌లోంచి ఒక కార్డు తీసుకుని మిగతావి పక్కవాళ్లకి ఇస్తారు. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. అలా ఏరుకున్న వాటితో 40 కార్డుల డెక్ కట్టుకుని ఆడతారు. ఆట అయిపోగానే కార్డులన్నీ మళ్లీ పెట్టెలోకే.

నాకు తెలిసిన మంచి కార్డులన్నీ పోగేస్తే మంచి క్యూబ్ అవుతుందని మొదట్లో అనుకున్నాను. అలా అవ్వదు. పెట్టెలోకి వచ్చే ప్రతి కార్డుకీ అదే పెట్టెలో తోడుండాలి. కింద చెప్పేదంతా ఆ తోడు ఎలా చూడాలన్నదే.

ఎంతమంది వస్తారో ముందు తేల్చుకోండి

ఒక్కొక్కరికి 15 కార్డుల ప్యాక్‌లు మూడు, అంటే 45 కార్డులు. ఎనిమిది మందికి 360. అందుకే చాలామంది 360తో మొదలుపెడతారు. ప్రతిసారీ కొత్తగా ఉండాలనుకునేవాళ్లు 540కి వెళ్తారు.

నేను నేరుగా 540తోనే మొదలుపెట్టాను. మొదటి ఆదివారం వచ్చింది నలుగురం. అంటే బయటికొచ్చేది 180 కార్డులు, పెట్టెలో మూడో వంతు. చచ్చిపోయిన పెద్ద క్రీచర్‌ని (మన తరఫున పోరాడే ప్రాణి కార్డుని) సమాధిలోంచి, అంటే వాడేసిన కార్డుల కుప్పలోంచి, లేపే డెక్ కట్టాలని మా తమ్ముడు మొదటి ప్యాక్ నుంచే ఎనిమిది మనాల ఖరీదున్న రాక్షసుల్ని ఏరుకుంటూ పోయాడు. మనా అంటే కార్డు ఆడటానికి పెట్టే ఖర్చు, అది ల్యాండ్ అనే కార్డుల నుంచి వస్తుంది. ఆ రాక్షసుల్ని లేపే 'రీయానిమేట్' లాంటి స్పెల్ (ఒకసారి వాడి పడేసే మంత్రం కార్డు) మాత్రం ఒక్కటీ రాలేదు. చివరి ప్యాక్ చేతిలో పట్టుకుని, "అన్నా, ఆ కార్డు అసలు ఈ పెట్టెలో ఉందా?" అని అడిగాడు. ఉంది. మేము ముట్టుకోని 360లో ఉంది. ఆ రోజు వాడు ఒక్క గేమ్ కూడా గెలవలేదు. తప్పు వాడిది కాదు, పెట్టె కూర్చిన నాది.

లెక్క సులభమే. 540లో 180 బయటికొస్తే, మీరు జంటగా పెట్టిన రెండు కార్డులూ ఒకే రోజు కనిపించే అవకాశం తొమ్మిదింట ఒకటి. 360లో 180 వస్తే నాలుగింట ఒకటి. మీ ఇంటికి మామూలుగా నలుగురే వస్తారంటే 360 దాటకండి. 180తో మొదలుపెట్టినా నష్టం లేదు.

బలం ఒక గీత దగ్గర ఆపండి

'బ్లాక్ లోటస్' అనే 1993 నాటి కార్డు ఉంది. ఖర్చు సున్నా, మూడు మనాలు ఇస్తుంది. దాన్ని మామూలు కార్డుల మధ్య పెడితే అది దొరికినవాళ్లదే ఆట. అలాంటి కార్డులతోనే నిండిన క్యూబ్‌లు ఉన్నాయి, వాటి సరదా వేరు. మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా: కామన్, అన్‌కామన్ (ప్యాక్‌లలో తేలిగ్గా దొరికే) కార్డులతో మొదలుపెట్టండి. కామన్లతో మాత్రమే చేసేదాన్ని పాపర్ క్యూబ్ అంటారు. కార్డులు చవక, రాసిన మాటలు తక్కువ, ఆట మాత్రం గట్టిగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు టేబుల్ దగ్గర ఉంటే ఆ తక్కువ మాటల విలువ తెలుస్తుంది. ఎనిమిది లైన్ల కార్డు మూడు వరుసగా వస్తే వాళ్లకి చదవడమే టెన్షన్ అయిపోతుంది.

360ని ఇలా పంచుకోండి

మ్యాజిక్ కార్డులవి అయిదు రంగులు, ఏ రంగు కార్డుకి ఆ రంగు మనా కావాలి: తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, పచ్చ. రంగుకు 50 చొప్పున 250. రెండు రంగుల జంటలు పది వస్తాయి, జంటకు 3 చొప్పున 30. ఏ రంగూ లేని కార్డులు 40. రెండు రంగుల మనా ఇచ్చే ల్యాండ్లు జంటకు 4 చొప్పున 40. మొత్తం 360.

రెండు రంగుల కార్డులు ఎక్కువ పెట్టాలని చెయ్యి లాగుతుంది, ఎందుకంటే చూడ్డానికి అవే ఘనంగా ఉంటాయి. ఆగండి. ఎరుపు-నీలం కార్డు ఆ రెండు రంగులూ ఆడేవాళ్లకి తప్ప ఇంకెవరికీ పనికిరాదు. అవి ఎక్కువైన కొద్దీ ప్యాక్ చివర చెత్త పేరుకుంటుంది. ల్యాండ్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. చేతినిండా మంచి కార్డులుండి సరైన రంగు మనా రాక ఓడిపోవడం కంటే విసుగు పుట్టించేది లేదు. ఖరీదైనవే కావాలని లేదు. 2012, 2013లో వచ్చిన గిల్డ్‌గేట్ ల్యాండ్లు కామన్లే. అవి దిగిన టర్న్‌లో వాడుకోలేం, నెమ్మదైన క్యూబ్‌కి అది చాలు.

ఖరీదుల వరుస

ప్రతి రంగులోని 50 కార్డుల్నీ టేబుల్ మీద మనా ఖరీదు ప్రకారం వరుసగా పేర్చి చూడండి. నేను వాడే కొలత ఇది: ఒక మనావి 9, రెండువి 14, మూడువి 11, నాలుగువి 8, అయిదువి 5, ఆపైన 3. రంగుని బట్టి అటూ ఇటూ జరపొచ్చు. పెద్ద క్రీచర్లంటే అందరికీ ఇష్టమే, అందుకే ఈ వరుస ఎప్పుడూ కుడివైపుకి బరువెక్కుతూ ఉంటుంది. చూసి తగ్గించుకోవాలి.

దూకుడు డెక్‌ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎక్కువ క్యూబ్‌లు దెబ్బతినేది ఇక్కడే. మొదటి టర్న్ నుంచే కొట్టే డెక్‌కి ఒక మనా క్రీచర్లు కనీసం అయిదారు కావాలి. టేబుల్‌లో ఇద్దరు అదే దారి పట్టారంటే పన్నెండు. తెలుపులో 'సవానా లయన్స్' లాంటివి, ఎరుపులో 'గోబ్లిన్ గైడ్' లాంటివి రెండేసి పెట్టి "మా క్యూబ్‌లో దూకుడు కూడా ఉంది" అనుకుంటే అది కాగితం మీదే ఉంటుంది. ఆ రెండు రంగుల్లో ఒక మనా కార్డులు తొమ్మిదేసి ఉంటే ఆరేడు క్రీచర్లే ఉండేలా చూడండి. దూకుడు లేని టేబుల్‌లో అందరూ ఏడో టర్న్ దాకా కార్డులు పోగేసుకుంటూ కూర్చుంటారు, ఒక్కో గేమ్ గంట పడుతుంది.

తోడు కుదర్చడం

క్యూబ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, ఎక్కువ సమయం తీసుకునేదీ ఇదే.

తెలుపు-నీలం జంట తీసుకుందాం. 'మల్‌డ్రిఫ్టర్' అని ఒక నీలం క్రీచర్. అయిదు మనాలు, దిగగానే రెండు కార్డులు తీసుకుంటాం. 'ఎఫెమరేట్' అని 2019లో వచ్చిన ఒక మనా తెలుపు స్పెల్. మన క్రీచర్ని ఒక క్షణం ఆటలోంచి తీసి వెంటనే తిరిగి దించుతుంది, తర్వాతి టర్న్‌లో ఖర్చు లేకుండా అదే పని ఇంకోసారి చేస్తుంది. మల్‌డ్రిఫ్టర్ మీద వేస్తే ఇప్పుడు రెండు, తర్వాతి టర్న్‌కి ఇంకో రెండు. ఒక మనాకి నాలుగు కార్డులు.

ఇప్పుడు ఈ రెండింటినీ విడివిడిగా చూడండి. మల్‌డ్రిఫ్టర్ ఎఫెమరేట్ లేకపోయినా ఏ నీలం డెక్‌లోనైనా బతుకుతుంది. ఎఫెమరేట్ అలా కాదు, దిగగానే పని చేసే క్రీచర్లు లేకపోతే దాదాపు వృథా. కాబట్టి మల్‌డ్రిఫ్టర్ లాంటివి తెలుపు, నీలం కలిపి పన్నెండు దాకా పెట్టండి, ఎఫెమరేట్ లాంటివి మూడు నాలుగు చాలు. సొంతంగా బతికేవి ఎక్కువ, తోడు లేకపోతే చచ్చేవి తక్కువ. పది జంటలకీ ఇదే కొలత. మా తమ్ముడి రాక్షసులు ఓడిపోయింది కూడా ఇందుకే. అక్కడ రెండు వైపులా తోడు లేకపోతే చచ్చేవే ఉన్నాయి.

రెండో సంగతి, ఒక కార్డు రెండిళ్లకి చుట్టం అయితే మరీ మంచిది. 'యంగ్ పైరోమ్యాన్సర్' ఎరుపు క్రీచర్, రెండు మనాలు. మనం ఇన్‌స్టంట్ గానీ సార్సరీ గానీ (రెండూ ఒకసారి వాడే స్పెల్ రకాలే) వేసిన ప్రతిసారీ ఒక చిన్న టోకెన్, అంటే డెక్‌లో లేని ఒక చిన్న క్రీచర్, పుడుతుంది. ఎరుపు-నీలం స్పెల్ డెక్‌కి అది ప్రాణం. క్రీచర్లని బలి ఇచ్చి లాభం తీసే ఎరుపు-నలుపు డెక్‌కి ఆ టోకెన్లే మేత. ఇలాంటి కార్డు కోసం ఇద్దరు పోటీ పడతారు, డ్రాఫ్ట్‌లో ఉత్కంఠ అక్కడే పుడుతుంది. కొత్త కార్డు పెట్టేముందు ఇది ఏ రెండు డెక్‌లకి పనికొస్తుందని అడుగుతాను. ఒక్కటే తడితే పక్కన పెడతాను.

ఇవన్నీ బుర్రలో పెట్టుకోనక్కర్లేదు. కార్డులు వెతకడానికి స్క్రైఫాల్, జాబితా దాచుకోవడానికి క్యూబ్ కోబ్రా సైట్లు ఉన్నాయి. రెండోదాంట్లో కంప్యూటర్‌తో డ్రాఫ్ట్ చేసి చూసుకోవచ్చు. కార్డు ముట్టుకోకముందే తప్పులు సగం అక్కడ బయటపడతాయి.

కార్డులు చేతికి రావాలంటే

మన దగ్గర మ్యాజిక్ కార్డులు అన్ని ఊళ్లలో దొరకవు, తెప్పించుకుంటే ఖర్చు. ఇంట్లో ఆడుకోవడానికి ప్రింట్లు చాలు. మ్యాజిక్ కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 పొడవు. ఒక ఏ4 కాగితం మీద తొమ్మిది పడతాయి, అంటే మొత్తం క్యూబ్ 40 కాగితాలు. కత్తిరించిన కాగితం ఒక్కటే స్లీవ్‌లో (కార్డు తొడుగులో) నిలబడదు, వెనక గట్టి ముక్క కావాలి. పోకర్ సైజు పేక దానికి సరిగ్గా సరిపోతుంది. ఏడు కట్టలు కొంటే 364 ముక్కలు, జోకర్లు అదనం. బ్రిడ్జ్ సైజు కట్ట కొనకండి, అది సన్నం, స్లీవ్‌లో అటూ ఇటూ జారుతుంది. స్లీవ్‌లు వెనక వైపు కనిపించనివి, అన్నీ ఒకే రకం, చిరిగిపోయే వాటి కోసం ఓ యాభై ఎక్కువ తీసుకోండి. మామూలు ల్యాండ్లు (ఒక్క రంగు మనా ఇచ్చేవి, డ్రాఫ్ట్‌లో ఏరుకోనక్కర్లేదు) రంగుకు 30 చొప్పున 150 విడిగా ఉంచండి, వాటిక్కూడా అవే స్లీవ్‌లు.

ఈ ప్రింట్లు అమ్మకూడదు, అధికారిక టోర్నమెంట్లలో పనికిరావు. మన టేబుల్ దాటనివ్వకండి.

డ్రాఫ్ట్ రోజు

మొదటి ప్యాక్ ఎడమకి, రెండోది కుడికి, మూడోది మళ్లీ ఎడమకి. నలుగురే ఉంటే 15 కార్డుల ప్యాక్‌లు మూడు కాకుండా 9 కార్డులవి అయిదు చేయండి. లెక్క 45 దగ్గరే ఉంటుంది కానీ ఒకే ప్యాక్ చేతులు మారి మారి అరిగిపోదు.

మొదటి చేతిలో 'లైట్నింగ్ బోల్ట్', మల్‌డ్రిఫ్టర్, ఒక అందమైన ఎరుపు-పచ్చ కార్డు వచ్చాయనుకోండి. నేను బోల్ట్ తీసుకుంటాను. ఒక మనాకి మూడు డ్యామేజ్, ఏ ఎరుపు డెక్‌లోనైనా పడుతుంది. ఎరుపు-పచ్చ కార్డు తీసుకుంటే మొదటి నిమిషంలోనే రెండు రంగులకి మాట ఇచ్చినట్టు. ఎనిమిది మంది ఆడితే అదే ప్యాక్ తొమ్మిదో పిక్‌కి (ఏరుకునే వంతుకి) ఏడు కార్డులతో తిరిగి మీ చేతికొస్తుంది. అప్పుడు ఏవి మాయమయ్యాయో చూడండి. నీలం కార్డులు ఇంకా మూడున్నాయంటే చుట్టూ నీలం ఆడేవాళ్లు తక్కువ. దారి అక్కడ ఖాళీగా ఉంది.

డెక్‌లో 17 ల్యాండ్లు, 23 మిగతావి. తక్కువ మనా కార్డులు ఎక్కువుంటే 16 ల్యాండ్లు చాలు.

ఇద్దరే ఉన్నా ఆడొచ్చు. తొమ్మిది కార్డుల్ని మూడు వరుసలుగా తెరిచి పరచండి. మొదటివారు ఒక అడ్డవరుస గానీ నిలువువరుస గానీ తీసుకుంటారు, రెండోవారు మిగిలిన దాంట్లో ఇంకో వరుస. మిగిలినవి పక్కకి. మొదటి అవకాశం మార్చుకుంటూ ఇలా 18 సార్లు, మొత్తం 162 కార్డులు. దీన్ని గ్రిడ్ డ్రాఫ్ట్ అంటారు.

ఆట అయ్యాక

ఒక నోట్‌బుక్ పెట్టె పక్కనే ఉండాలి. ప్రతి ప్యాక్‌లో ఆఖరి రెండు పిక్‌లుగా మిగిలిన కార్డుల పేర్లు రాయండి. మూడు డ్రాఫ్ట్‌లలో మూడుసార్లు ఆఖరికి మిగిలిన కార్డు మీకెంత ఇష్టమైనదైనా తీసేయండి. ఓడిపోయినవాళ్లని తప్పకుండా అడగండి, ఏ కార్డు కోసం ఎదురు చూశారు, రాలేదని. తమ్ముడు ఆ రోజు అడిగిన ప్రశ్నతోనే నేను 540ని 360కి దించాను. లేపే స్పెల్లు మూడు ఉండేవి, ఏడు చేశాను.

ఒకసారికి అయిదు నుంచి పది కార్డులు మార్చండి, అంతకు మించి వద్దు. ముప్ఫై ఒకేసారి మారిస్తే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలీదు.

అందరూ వెళ్లేలోపు కార్డుల్ని నాలుగైదు కుప్పలుగా కలపమని తలా ఒకటి ఇవ్వండి. కుప్పల్లోంచి కొన్ని కొన్ని తీసి మళ్లీ కలిపి, 15 చొప్పున 24 ప్యాక్‌లు కట్టి పెట్టుకోండి. రబ్బరు బ్యాండ్ వేయకండి, స్లీవ్ అంచులు వంగుతాయి. కాగితం పట్టీ చాలు. వచ్చే ఆదివారం చివరివాళ్లు చెప్పులు విప్పేసరికి మొదటి ప్యాక్ వాళ్ల కుర్చీ ముందు ఉంటుంది.