పనిచోట వాట్సాప్ – 4వ పాఠం: జవాబు ఉంది, దొరకట్లేదు

మూడో పాఠంలో ఆఫీసు గ్రూపును రెండుగా విడదీయమన్నాను. ఎవరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే 'డ్యూటీ' గ్రూపు ఒకటి, సందేహాలూ జవాబులూ ఉండే 'పని' గ్రూపు ఒకటి. అమలు చేసినవారికి రెండు చిక్కులొచ్చాయి. ముందు అవి తేల్చాలి.

మొదటిది, గ్రూపులు మరీ ఎక్కువైపోవడం. ఎనిమిది మంది మెకానిక్‌లున్న ఏసీ సర్వీసు షాపులో స్ప్లిట్‌కి ఒకటి, విండోకి ఒకటి, స్పేర్లకి, బిల్లులకి, ఫొటోలకి తలా ఒకటి పెడితే, డాబా మీద నిలబడి అడిగేవాడికి ఏ గ్రూపులో అడగాలో తెలియదు. రెండింట్లో అడుగుతాడు, ఒకదాంట్లో జవాబొస్తుంది. ఇరవై మందిలోపు ఉంటే రెండు గ్రూపులే. కమ్యూనిటీ (పలు గ్రూపులను ఒకే గొడుగు కిందికి తెచ్చే ఏర్పాటు) అన్నది విశాఖలాంటి చోట గాజువాకలో ఒక బ్రాంచి, మధురవాడలో ఒకటి, అనకాపల్లిలో ఒకటి ఉన్నవారికి పనికొస్తుంది.

రెండోది ఇంకా నష్టం చేసింది. ఫోన్ నిండిపోతోందని కొందరు 'డిసప్పియరింగ్ మెసేజెస్' ఆన్ చేసి 7 రోజులు పెట్టేశారు. అంతకుముందున్న సందేశాలకు ఏమీ కాదు. కానీ ఆన్ చేశాక వచ్చిన ప్రతి జవాబూ వారానికి పోతుంది. ఇప్పుడు ఆఫ్ చేసినా, ఈలోగా వచ్చినవాటి గడువు ఆగదు. కాబట్టి ఇవాళే ఆఫ్ చేయండి. ఇంకా మిగిలి ఉన్న మంచి జవాబుల మీద వేలు నొక్కి పట్టి 'కీప్' చేయండి, గడువు దాటినా అవి పోవు. తర్వాత గ్రూపు పర్మిషన్స్‌లో సెట్టింగులు మార్చే అధికారం అడ్మిన్‌లకు మాత్రమే ఉంచండి. ఫోన్ నిండడం వేరే సమస్య, దాని మందు వేరు: స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపండి. 'మేనేజ్ స్టోరేజ్'లో పెద్ద వీడియోలు వరసగా కనిపిస్తాయి, అక్కర్లేనివి తీసేయండి.

ఇక పాఠం. ఉదాహరణకు ఏసీ సర్వీసునే తీసుకుంటున్నాను, కారణముంది. విశాఖ తీరంలో లాసన్స్ బే, కిర్లంపూడి లేఅవుట్, రుషికొండ వైపు ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ ఫిన్‌లు (పలచటి లోహపు రేకులు) తినేసి పొడిపొడిగా రాలతాయి. ఏ వీధిలో, ఏ అంతస్తులో, ఎటు తిప్పి పెట్టిన యూనిట్ ముందు పాడవుతుందో కంపెనీ మాన్యువల్‌లో ఉండదు. మీ మెకానిక్‌లకే తెలుసు. గ్రూపులో మాత్రం అది ఇలా ఉంటుంది: "అన్నా, ఇక్కడ కూడా కూలింగ్ లేదు", ఒక ఫొటో, కింద "మొన్న చెప్పా కదా, అదే చెయ్యి."

ఆ 'మొన్న' ఏదో ఆరు నెలల తర్వాత చేరిన హెల్పర్‌కి ఎలా తెలుస్తుంది? తాను చేరకముందు పడిన సందేశాలు వాట్సాప్‌లో వాటంతటవి కనిపించవు. గ్రూపు పైభాగాన కనిపించేలా పిన్ చేద్దామంటే ఒక గ్రూపులో మూడే పిన్‌లు, అవీ గరిష్ఠంగా 30 రోజులు. స్టార్ పెట్టుకుంటే పెట్టుకున్నవాడికే. టెలిగ్రాంలో పాత చరిత్ర కొత్తవారికి కనిపించేలా పెట్టుకోవచ్చు, అది దాని సుగుణమే. కానీ చరిత్ర కనిపించినంత మాత్రాన జవాబు దొరకదు.

జవాబు రాసే తీరు మారాలి. పని అయ్యాక ఒకే సందేశంలో ఇలా:

"[కంపెనీ, మోడల్ నంబరు]. 1.5 టన్ను ఇన్వర్టర్.
లక్షణం: చల్లదనం తగ్గింది, ఇండోర్ కాయిల్ మీద ఒక పక్కనే మంచు.
చూసినవి: ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. అవుట్‌డోర్ ఫ్లేర్ నట్టు దగ్గర నూనె జిడ్డు, సబ్బు నురగ పెడితే బుడగ.
పనిచేయనిది: నట్టు బిగించి చూశాం, లీక్ ఆగలేదు.
చేసింది: గ్యాస్ తీసి, ఫ్లేర్ కొత్తగా వేసి, నైట్రోజన్‌తో ప్రెషర్ చూసి, వాక్యూమ్ చేసి, ప్లేటు మీదున్న బరువు ప్రకారం ఆర్-32 తూచి నింపాం.
గుర్తు: లీక్, ఫ్లేర్, మంచు, సముద్రం"

(ఫ్లేర్ అంటే రాగి గొట్టం చివర వెడల్పు చేసి నట్టుతో బిగించే అతుకు, ఆర్-32 అంటే ఏసీలో నింపే గ్యాస్.) కంపెనీ పేరు నేను వదిలేశాను, మీరు వదలకండి. 'ఈ6' అని ఎర్రర్ కోడ్ ఒక్కటే రాస్తే అది ఒక కంపెనీలో ఒక అర్థం, ఇంకో కంపెనీలో ఇంకో అర్థం. 'పనిచేయనిది' అన్న వరుస చాలామంది ఎగ్గొడతారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అదే. తర్వాతివాడికి గంట కలిసొచ్చేది అక్కడే.

ఇప్పుడు అసలు ఉచ్చు. దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఇంత బాగా రాసిన జవాబులు కూడా దీనివల్లే మునిగిపోతున్నాయి. వాట్సాప్‌లో వెతకడమంటే అక్షరాలు పోల్చడం. ఒకరు 'కంప్రెసర్' అంటారు, ఒకరు 'కంప్రెషర్', మరొకరు 'కంప్రెస్సర్', ఇంకొకరు ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. నాలుగూ నాలుగు వేర్వేరు మాటలే. ఒకటి వెతికితే మిగతా మూడూ రావు. 'లీక్', 'లీకు', 'కారుతోంది' కూడా అంతే. తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో రాసేవారిదైతే మరీ కష్టం: 'నీళ్లు' అన్న ఒక్క మాటకే మనిషికో స్పెల్లింగు. నోటితో చెప్పి టైప్ చేయించుకుంటే ఫోన్ దానికి తోచినట్టు రాస్తుంది. వాక్యంలో ఎలా రాసినా ఫరవాలేదు, మనిషి చదివి అర్థం చేసుకుంటాడు. 'గుర్తు' వరుసలో మాత్రం అందరూ ఒకే రాత రాయాలి. అందుకు ఓ ఇరవై, ముప్పై మాటల జాబితా చేయండి: కంప్రెసర్, కెపాసిటర్, పీసీబీ, ఫ్యాన్ మోటార్, డ్రెయిన్, లీక్, మంచు, శబ్దం… మూడు పిన్‌లలో ఒకటి దానికివ్వండి. 30 రోజులకోసారి మళ్లీ పిన్ చేసే పని ఒకరికి అప్పగించండి. జాబితాలో లేని మాట అవసరమైతే చేర్చాకే వాడాలి.

మోడల్ నంబరు ప్లేటు మీద ఉన్నట్టే ఇంగ్లిషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. సున్నా ఏదో, 'ఓ' అక్షరం ఏదో చూసుకోండి, ఉప్పుకి ప్లేటు మసకబారితే ఆ తేడా పోల్చుకోవడం కష్టం. నంబరు ప్లేటు ఫొటో పెట్టి ఊరుకుంటే చాలదు, ఫొటోలోని అక్షరాలను ఈ వెతుకులాట చదవదు. వాయిస్ మెసేజ్‌లో చెప్పిందీ వెతికితే రాదు. ఎండలో, గ్లవ్స్‌తో ఉన్నవాడు వాయిస్ పెట్టడం సబబే, కాదనను. కానీ కిందికి దిగాక దానికే రిప్లై కొట్టి 'గుర్తు' వరుస రాయాలి. ఫొటోకైతే క్యాప్షన్‌లోనే రాయొచ్చు, క్యాప్షన్ వెతికితే దొరుకుతుంది. తప్పు రాస్తే 15 నిమిషాల్లోపే దిద్దుకోగలరు. అది దాటితే పాతదానికి రిప్లైగా సరైన వరుస రాయండి.

గ్రూపు జవాబులు పుట్టే చోటు మాత్రమే, దాచే చోటు వేరుగా ఉండాలి. శనివారం సాయంత్రం ఒకరు కూర్చుని, 'పని' గ్రూపులో 'గుర్తు' అని వెతికి, ఆ వారం వచ్చినవాటిని ఒక గూగుల్ డాక్‌లోకి ఎక్కించాలి. షీట్ వద్దు, ఫోన్‌లో గడులు జరుపుకుంటూ చదవడం నరకం. డాక్‌లో కంపెనీ పేరుకి హెడింగ్ 1, లక్షణానికి హెడింగ్ 2 ఇస్తే పక్కన ఔట్‌లైన్ దానంతటదే వస్తుంది. దిద్దే అధికారం ఇద్దరికి చాలు, మిగతావారికి చూసే అధికారం. డాక్ షాపు పేరున తీసిన ఖాతాలో ఉండాలి. ఒక ఉద్యోగి సొంత ఖాతాలో ఉంటే, అతను మానేసి ఖాతా తీసేసిన రోజున అదీ పోతుంది. లింకు రెండో పిన్.

డాక్‌లోకి ఎక్కించేటప్పుడు కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, ఫ్లాట్ నంబరు తీసేయాలి. 'లాసన్స్ బే, నాలుగో అంతస్తు, సముద్రం వైపు' అంటే పనికి సరిపోతుంది. ఫొటోలో ఇంట్లోవాళ్లో, గది సామానో పడితే కత్తిరించండి. వ్యక్తుల సమాచారానికి 2023లోనే దేశంలో ప్రత్యేక చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ ఇంటివాళ్లు మిమ్మల్ని నమ్మి తలుపు తీశారు.

అభ్యాసం. గత నెల గ్రూపులోంచి పది జవాబులు ఏరి, పై తీరులో తిరగరాసి డాక్‌లో పెట్టండి. ఆ పదింటికీ ప్రశ్నలు మాత్రం చీటీల మీద రాయండి, కస్టమర్ ఫోన్‌లో చెప్పే మాటల్లోనే: "ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయండీ", "గుర్రుమంటోంది" అన్నట్టు. చీటీలు మీ షాపులో అందరికన్నా కొత్తగా చేరిన హెల్పర్‌కి ఇచ్చి, మధ్యాహ్నం పూట డాబా మీదికి పంపండి. సొంత ఫోన్, మొబైల్ డేటా, ఒక్క చెయ్యి. ఒక్కో జవాబుకీ ఒక్క నిమిషం. ఎవరినీ అడగకూడదు. దొరకని ప్రతి చీటీ వెనకా అతను ఏ మాట కొట్టి వెతికాడో రాయించండి. మీ జాబితాలో చేరాల్సినవి ఆ మాటలే. ఐదో పాఠానికి ఆ చీటీలు దగ్గర పెట్టుకోండి.