బెంగళూరులో మొదటి బండి: సీసీ తర్వాత, ముందు బరువు చూడండి

కొత్తగా బైక్ కొనేవాళ్లు షోరూమ్‌లో ముందు అడిగేవి మైలేజ్, సీసీ. బెంగళూరులో తిప్పే బండికి వాటికంటే ముందు అడగాల్సింది బరువు. సిల్క్ బోర్డ్, మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఆఫీసు వేళల్లో బండి పరుగెత్తేది తక్కువ. సగం క్లచ్ పట్టి, కాళ్లు నేలకు ఆనిస్తూ జానెడు జానెడు జరిపేదే ఎక్కువ. కొత్తవాళ్ల చేతిలోంచి బండి జారేది తరచుగా అలాంటి చోటే.

స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 బరువు 181 కిలోలు, క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. నిటారుగా నిలబెట్టినంతసేపూ ఈ తేడా పెద్దగా తెలియదు. సిగ్నల్ దగ్గర కాలు గుంతలో పడి బండి ఒక పక్కకు ఒరిగితే తెలుస్తుంది: 112 కిలోలను తొడ ఆనించి ఆపొచ్చు, 195 కిలోలను ఆపబోతే నడుం పట్టేస్తుంది. బుల్లెట్ మీద మోజు ఉంటే ఉండనివ్వండి, రెండో బండిగా కొనుక్కోవచ్చు. మొదటిది 150 కిలోల లోపు, 125 నుంచి 160 సీసీ మధ్య చాలు. షైన్ 125, రైడర్, ఎఫ్‌జెడ్-ఎస్, అపాచీ ఆర్‌టీఆర్ 160 ఈ లెక్కలోకి వస్తాయి. హోసూరు రోడ్డులో ఫ్లైఓవర్ ఎక్కడానికీ, అప్పుడప్పుడు జాతీయ రహదారి 44 మీద అనంతపురం వెళ్లి రావడానికీ 150, 160 సీసీ సరిపోతుంది. 100 సీసీ బండి మీద ఇద్దరు కూర్చుంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే ఆయాసపడుతుంది.

సీటు ఎత్తు 785 నుంచి 800 మిల్లీమీటర్లు ఉంటే చాలామందికి రెండు పాదాల ముందు భాగం నేలకు బాగా ఆనుతుంది. ఎక్స్‌పల్స్ 200 లాంటివి 825 దగ్గర ఉంటాయి. ఐదున్నర అడుగుల లోపు వాళ్లకు మునివేళ్లే అందుతాయి.

షోరూమ్‌కు రోజూ వేసుకునే బూట్లతోనే వెళ్లండి. ఇంజిన్ ఆపి, సీటు మీద కూర్చునే బండిని కాళ్లతో వెనక్కి తోయండి. పార్కింగ్‌లో రోజూ చేయాల్సిన పని ఇదే. తర్వాత మీతో తిరిగే మనిషిని వెనక కూర్చోబెట్టి మళ్లీ కాళ్లు ఆనించి చూడండి. టెస్ట్ రైడ్ ఖాళీ వీధిలో ఒక చుట్టుతో సరిపెట్టుకోవద్దు. ఫస్ట్ గేర్లో, సగం క్లచ్ మీద యూటర్న్ తీయండి. స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా దాటండి. కొంతసేపు ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడపండి. క్లచ్ లివర్ గట్టిగా ఉంటే ఎడమ మణికట్టు అప్పుడే చెప్పేస్తుంది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. సెకండ్ హ్యాండ్‌లో అంతకు ముందువి తీసుకుంటే లేకపోవచ్చు. వానలో కంగారుగా ముందు బ్రేకు నొక్కితే చక్రం బిగుసుకుని బండి పక్కకు కొట్టేస్తుంది. కొత్త చేతులకు ఏబీఎస్ అక్కరకొచ్చేది అక్కడే.

సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్లినప్పుడు ముందు ఇంజిన్‌పై చెయ్యి పెట్టండి. అప్పటికే వేడిగా ఉంటే అమ్మేవాళ్లు మీరు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట. చల్లారాక మళ్లీ రండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే నీలం పొగ వచ్చి తగ్గకపోతే ఇంజిన్‌లో ఆయిల్ కాలుతోంది. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాలిలోకి లేపి, హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పండి. మధ్యలో టక్కుమని పట్టినట్టు అనిపిస్తే స్టీరింగ్ బేరింగులు పోయాయి. ముందు ఫోర్కుల (చక్రానికి రెండు పక్కలా ఉండే గొట్టాల) మీద జిడ్డు వలయం కనబడితే సీళ్లు కారుతున్నాయి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. అరగకపోయినా ఐదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి తడిరోడ్డు మీద జారుతుంది, మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి.

కాగితాల్లో ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే లోన్ తీరినట్టు బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 అడగండి. యాజమాన్యం మార్పుకు ఫారం 29, 30. నంబరు ఏపీదో తెలంగాణదో అయితే ఇంకో చిక్కు ఉంది. 12 నెలలకు మించి కర్ణాటకలో తిప్పితే బండి రిజిస్టరైన రాష్ట్రంలోని ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, కేఏ నంబరు తీసుకోవాలి. ఊర్లో చౌకగా దొరికిందని తెచ్చుకునే ముందు ఆ పన్ను కూడా కలిపి లెక్క వేసుకోండి. పెండింగ్ చలాన్లు బండి నంబరుతో ఆన్‌లైన్‌లో కనబడతాయి. అవి అమ్మేవాళ్లే కట్టాలి.

కొత్త బండికైతే ఆన్‌రోడ్ ధర చీటీలో ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’, యాక్సెసరీస్ ప్యాక్ అని కనిపిస్తే తీసేయమని అడగండి. క్రాష్ గార్డు (బండి పడితే కాళ్లకు, ఇంజిన్‌కు దెబ్బ తగలకుండా ముందు బిగించే కడ్డీ) మాత్రం వదలకండి.

లైసెన్సు ‘గేర్ ఉన్న మోటార్‌సైకిల్’ వర్గంలోనే ఉండాలి. స్కూటర్‌కని తీసుకున్న గేర్ లేని లైసెన్సు పనికిరాదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర కూడా పేచీ వస్తుంది. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) 6 నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాతే టెస్టు. కర్ణాటకలో వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి, కాబట్టి బడ్జెట్‌లో ఐఎస్ఐ గుర్తున్నవి రెండు వేసుకోండి. కొనేటప్పుడు పట్టీ బిగించి తల ఆడించండి. హెల్మెట్ తలతో పాటు కదలాలి, తల మీద తిరగకూడదు.