ఇల్లు ఖాళీ చేశాక ఓనర్ అడ్వాన్సు ఇవ్వడం లేదా? ఏ కోర్టుకు వెళ్లాలి

తాళాలు అప్పగించి నెలలైంది. అడిగితే "పెయింటింగుకే సరిపోయింది" అంటాడు ఓనర్, లేదంటే ఫోనే ఎత్తడు. డబ్బు పోయిన బాధకు తోడు, తప్పు కోర్టుకు వెళ్లి ఏడాది పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. కింద చెప్పినవి ముఖ్యంగా హైదరాబాద్‌లో అద్దెకున్నవాళ్ల కోసం.

సమస్య: స్టేషన్‌లో "ఇది సివిల్ మ్యాటర్" అని పంపేశారు.
కారణం: అడ్వాన్సు తిరిగివ్వకపోవడం ఒక్కటే మోసం కిందకు రాదు. తీసుకున్న రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలి. తనది కాని ఇల్లు చూపించి డబ్బు తీసుకున్నవాడి మీదైతే పోలీసు కేసు నిలబడుతుంది.
పరిష్కారం: మామూలు ఓనర్ మీదైతే సివిల్ కోర్టులో డబ్బు వసూలు దావా.

సమస్య: రెంట్ కంట్రోలర్ దగ్గరకు వెళ్లాలా, సివిల్ కోర్టుకా?
కారణం: 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద రెంట్ కంట్రోలర్ ముందుకు ప్రధానంగా ఖాళీ చేయించడం, అద్దె ఖరారు లాంటి తగాదాలు వస్తాయి. మీరు ఇల్లు వదిలేశారు, రావాల్సింది డబ్బే.
పరిష్కారం: దావా వేయగలిగిన కోర్టుల్లో కింది స్థాయి కోర్టులోనే వేయాలి. మామూలు ఇంటి అడ్వాన్సుకు అది జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. ఇక ఏ ఊళ్లో అంటే, ఓనర్ ఉంటున్న చోట, లేదా అద్దె ఒప్పందం నడిచిన చోట. మీరు బెంగళూరుకు మారిపోయినా అక్కడ వేయడం కుదరదు. ఓనర్ అమెరికాలో ఉన్నా, కూకట్‌పల్లి ఇంటికి కూకట్‌పల్లిలోనే డబ్బు కట్టి ఉంటే అక్కడి కోర్టులో వేయొచ్చు. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ షరతు (తగాదా వస్తే కోర్టుకు బదులు ఇద్దరూ ఒప్పుకున్న వ్యక్తి తీర్పుకు వదలాలనే షరతు) ఉందేమో ముందే చూసుకోండి. ఉంటే ఓనర్ దాన్ని చూపించి దావాను ఆపించగలడు.

సమస్య: పీజీ హాస్టల్ అడ్వాన్సు ఆపేశారు.
కారణం: భోజనం, శుభ్రత, వైఫై కలిపి డబ్బు తీసుకుంటే అది సేవ.
పరిష్కారం: జిల్లా వినియోగదారుల కమిషన్. ఇప్పుడు మీరుంటున్న ఊళ్లోనే వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. ఉత్త ఇంటి అద్దెకు మాత్రం ఈ దారి సాధారణంగా నిలవదు.

సమస్య: ఓనర్ ఇచ్చిన చెక్కు బౌన్స్ అయింది.
పరిష్కారం: చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చే మెమో అందిన 30 రోజుల్లో ఓనర్‌కు నోటీసు పంపండి. అది అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ 15 రోజులు ముగిసినప్పటి నుంచి నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కుల చట్టం) సెక్షన్ 138 కింద ఫిర్యాదు. మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని మేజిస్ట్రేటు కోర్టు చాలు, ఓనర్ ఊరికి తిరిగే పని లేదు.

సమస్య: షాపు అడ్వాన్సు, 3 లక్షలు లేదా ఆపైన.
పరిష్కారం: కమర్షియల్ కోర్టు. అత్యవసర ఉత్తర్వు కోరకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాల్సిందే.

సమస్య: తప్పు కోర్టులో వేసేశాను.
కారణం: దావాకు గడువు 3 ఏళ్లే, అందుకే ఈ టెన్షన్.
పరిష్కారం: కంగారు పడకండి. పరిధి లేకపోతే కోర్టు దావాను సరైన చోట వేసుకోమని తిరిగి ఇస్తుంది. నిజాయితీగా, శ్రద్ధగా నడిపి ఉంటే అక్కడ గడిచిన కాలాన్ని లిమిటేషన్ చట్టం (దావాల గడువు చట్టం) సెక్షన్ 14 కింద గడువులోంచి మినహాయిస్తారు. వాయిదాల తేదీలున్న ఆర్డరు కాపీలన్నీ దాచుకోండి.

ఇంకా ఎక్కడా వేయకపోతే, ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి, ఖర్చుండదు. ఓనర్‌ను పిలిపిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. ఓనర్ రాకపోతే బలవంతం చేయలేరు, అప్పుడు దావాయే. అడ్వాన్సు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు, తాళాలిచ్చిన రోజు వాట్సాప్ మెసేజీలు, ఖాళీ ఇంటి ఫొటోలు రెండు చోట్లా పనికొస్తాయి.