పాత జిప్సీలో సెకండ్ హ్యాండ్ వెనక సీటు: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేయాలి

చెన్నైలో పాత మారుతి జిప్సీ, మహీంద్రా ఎంఎం540 లాంటి జీపు బండి ఉన్నవాళ్లు ఏదో ఒక రోజు పుదుపేట దారి పడతారు. ఎగ్మోర్ పక్కన, కూవం ఒడ్డున ఉన్న ఆ సందుల్లో విప్పేసిన కార్ల సీట్లు గుట్టలుగా ఉంటాయి. జిప్సీ వెనకాల ఎదురెదురుగా ఉండే పక్క సీట్లు తీసేసి, ముందుకు చూసే బెంచ్ సీటు వేయిస్తే పిల్లలూ పెద్దవాళ్లూ హాయిగా కూర్చుంటారని చాలామంది అనుకుంటారు. ఆలోచన మంచిదే. పక్కకు తిరిగి కూర్చున్న మనిషిని, బండి దేన్నైనా గుద్దుకున్నప్పుడు, నడుము బెల్టు సరిగ్గా కాపాడలేదు.

అయితే సీటు ఎంత బాగున్నా దాని బలమంతా కింది రేకు మీదే ఆధారపడి ఉంటుంది. 1985 చివర్లో వచ్చిన మొదటి జిప్సీలోనూ, 1996 నాటి జిప్సీ కింగ్‌లోనూ చాసిస్ వేరు, దాని మీద కూర్చున్న బాడీ వేరు. వెనక ఫ్లోరు పల్చటి రేకు. యూఎన్ఈసీఈ ఆర్17 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసే సీటు పరీక్షలో భూమ్యాకర్షణకు 20 రెట్ల బలం పెడతారు. ఆ లెక్కన 20 కిలోల ఖాళీ సీటే 400 కిలోల బలంతో ముందుకు లాగుతుంది. 60 కిలోల మనిషి అయితే 1,200 కిలోలు. కింద రాసిన ప్రతి సమస్యనూ ఈ లెక్క గుర్తుపెట్టుకుని చదవండి.

డబ్బు పెట్టే ముందు ఒక పని. ఆర్సీలో సీట్ల సంఖ్య ఎంతుందో చూసుకుని, ఈ మార్పుకు అనుమతి దొరుకుతుందో లేదో ఆర్టీవో ఆఫీసులో అడగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. 15 ఏళ్లు దాటిన బండి ఆర్సీ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ కళ్లు ముందు ఇలాంటి వాటి మీదే పడతాయి.

సమస్య: సీటు కాళ్లు, ఫ్లోరు రంధ్రాలు కలవడం లేదు

కారణాలు రెండు. వేరే మోడల్ సీటు కావడం ఒకటి. అది కొలత తేడా, దాన్ని సరిచేయొచ్చు. సీటు ఫ్రేమే వంకర కావడం రెండోది. ఆ సీటు యాక్సిడెంట్ బండిలోంచి వచ్చి ఉంటే ఇదే అనుమానించాలి.

తేల్చుకోవడానికి టేపు చాలు. సీటును తిరగేసి సమతలంగా ఉన్న నేల మీద పెట్టండి. ముందు ఎడమ కాలి రంధ్రం నుంచి వెనక కుడి కాలి రంధ్రానికి, తర్వాత ముందు కుడి నుంచి వెనక ఎడమకు కొలవండి. రెండూ సమానమైతే ఫ్రేము సరిగ్గా ఉన్నట్టే. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా పర్వాలేదు. అంతకు మించితే ఆ సీటు వాపసు ఇచ్చేయండి. వంగిన ఫ్రేమును సుత్తితో కొట్టి నిలబెట్టినా, ఒకసారి వంగిన చోట ఇనుము మళ్లీ ముందు అక్కడే లొంగుతుంది. ఇదే కొలత బండి ఫ్లోరు మీద కూడా తీయండి.

కొలత తేడాయే అయితే కొందరు టింకర్లు రంధ్రాన్ని ఫైలుతో సాగదీసి పెద్ద వాషర్ వేసేస్తారు. ఒప్పుకోకండి. సాగదీసిన రంధ్రంలో బోల్టు నెమ్మదిగా జారుతుంది. 5 మి.మీ. మందం ఉన్న ఎల్ యాంగిల్‌తో, బండి వెడల్పుకు సరిపడా రెండు అడ్డపట్టీలు చేయించండి. పట్టీలను బండి పాత రంధ్రాలకు, సీటును ఆ పట్టీలకు బిగించాలి. సీటు పట్టకపోతే వీల్ ఆర్చ్ (చక్రం మీద లోపలికి ఉబ్బిన రేకు) కోయించొద్దు, ఇంకా సన్నటి సీటు వెతకండి. దుకాణంలో "జిప్సీకి సరిగ్గా సరిపోతుంది సార్" అన్నా, రెండు వీల్ ఆర్చ్‌ల మధ్య కొలత కాగితం మీద రాసుకునే బయలుదేరండి.

సమస్య: బోల్టు తిరుగుతూనే ఉంది, బిగియడం లేదు

రేకు కింద వెల్డ్ చేసిన నట్టు ఊడిపోయింది, లేదా దాని చుట్టూ రేకే తుప్పు తినేసింది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇది మామూలే. పై నుంచి పెయింటు బాగానే కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో బోల్టు చుట్టూ తట్టి చూడండి. గట్టి రేకు టంగుమంటుంది, తుప్పు పట్టినది చప్పగా మోగి మొన దిగబడుతుంది.

చేతివేలంత తుప్పు కనిపిస్తే కింద అరచేతంత ఉంటుందని లెక్క. తుప్పు రేకును మెరిసే ఇనుము వచ్చేదాకా కోసి, కొత్త రేకు వెల్డ్ చేయించి, జింక్ ప్రైమర్ వేయించాలి. ఎంసీల్ పెట్టి మూసేస్తే చూడ్డానికే, బరువు మోయదు. పాప్ రివెట్‌లా పై నుంచి బిగించే రివెట్ నట్లు కూడా సీటుకు వద్దు.

రేకు బాగుంది, నట్టే పోయిందంటే కింద నుంచి 3 మి.మీ. ప్లేటు పెట్టి, 8.8 గ్రేడ్ బోల్టు వేయండి. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉంటుంది. ఏ అంకె లేని బోల్టు ఎంత మెరిసినా సీటుకు వాడొద్దు. జనరల్ ప్యాటర్స్ రోడ్డు స్పేర్ పార్టుల దుకాణాల్లో గ్రేడ్ చెప్పి అడగండి.

డ్రిల్ పట్టే ముందు బండి కింద దూరి చూడాల్సిందే. జిప్సీ పెట్రోలు ట్యాంకు వెనక ఫ్లోరు కిందే ఉంటుంది. బ్రేకు పైపులు, వైరింగ్ కూడా చాసిస్ వెంబడే పోతాయి. వెల్డింగ్ అయితే ట్యాంకు దించేయాలి, బ్యాటరీ విప్పాలి. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్షన్ ఉన్న) బండికి ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, కనెక్టర్ కూడా తీయించండి. "తడిగుడ్డ కప్పుతాం సార్, ఏమీ కాదు" అనే షాపులో బండి పెట్టొద్దు.

సమస్య: గతుకుల్లో టకటక

ఒకరిని సీటు మీద కూర్చోబెట్టి అదే రోడ్డు మీద నడపండి. చప్పుడు ఆగిపోతే తప్పు మడత లాచ్‌లోనో, కీలు బుష్‌లోనో ఉంది. లాచ్ పట్టుకునే కొక్కెం బోల్టు వదులు చేసి కాస్త వెనక్కి జరిపితే చాలు. అరిగిన నైలాన్ బుష్ బదులు లేత్ షాపులో కొత్తది తిప్పించుకోవచ్చు. మనిషి కూర్చున్నా చప్పుడు వస్తుంటే బోల్టుల దగ్గర, పట్టీల దగ్గర చూడండి. పట్టీకి, రేకుకు మధ్య సందుంటే బోల్టు బిగించి రేకును పైకి లాగొద్దు, సందుకు సరిపడా ఇనుప షిమ్ (పల్చటి బిళ్ల) వేయండి.

సమస్య: బెల్టు బయటికి రావడం లేదు

ఎక్కువ మంది బెల్టు పాడైందనుకుని పడేసేది ఇక్కడే. బెల్టు చుట్టుకునే రీలులో చిన్న స్టీలు గుండు ఉంటుంది. బండి సడన్‌గా ఆగినా, ఒరిగినా ఆ గుండు కదిలి రీలును లాక్ చేస్తుంది. సీటు బెల్టుల ఆర్16 ప్రమాణం ప్రకారం, అమర్చే స్థితి నుంచి 12 డిగ్రీల లోపు వంపులో లాక్ కాకూడదు, 27 దాటితే కావాలి. నిలువుగా బిగించాల్సిన రీలును మీ బండి వీల్ ఆర్చ్ వాలు మీద బిగిస్తే ఆ గుండు ఎప్పుడూ ఒరిగే ఉంటుంది. బెల్టు అంగుళం కూడా రాదు.

రీలు విప్పి చేతిలో పట్టుకోండి. నెమ్మదిగా తిప్పుతూ బెల్టు లాగి చూడండి. ఏ కోణంలో హాయిగా వస్తుందో అలాగే పట్టుకుని, రీలు మీద మార్కర్‌తో నిలువుగా గీత గీయండి. ఆ గీత నిలువుగా ఉండేలా వంపు తిరిగిన బ్రాకెట్ చేయించండి. ఏ కోణంలోనూ రాకపోతేనే రీలు పోయినట్టు.

బోల్టు విషయంలో జాగ్రత్త. బెల్టు బోల్టు సాధారణంగా మెట్రిక్ కాదు. 7/16 అంగుళం యూఎన్ఎఫ్ (అంగుళాల కొలతలో సన్న మర రకం), అంగుళానికి 20 మరలు, మందం సుమారు 11.1 మి.మీ. ఎం10 (10 మి.మీ. మెట్రిక్ బోల్టు) వేస్తే లొడలొడలాడుతుంది, ఎం12 దూరదు. ట్యాప్ వేసి ఎం12కి మార్చేస్తానంటే వద్దనండి, అసలు బోల్టే కొనండి. కొత్తగా యాంకర్ (బెల్టు కొస బిగించే చోటు) పెట్టాల్సి వస్తే రేకుకు అవతలి వైపు ప్లేటు తప్పనిసరి. అంతర్జాతీయ కార్ల రేసు సంస్థ ఎఫ్ఐఏ రేసు బండ్లకు అడిగేది కనీసం 3 మి.మీ. మందం, 40 చదరపు సెంటీమీటర్లు. మన బండికీ అంతకు తగ్గించొద్దు.

గుడ్డ టాపు జిప్సీలో భుజం బెల్టు పై కొస బిగించడానికి గట్టి స్తంభం ఉండదు. టాపు గొట్టానికి కట్టిన బెల్టు ఉన్నట్టే ఉంటుంది, ఆపదు. గట్టి రోల్ బార్ (బండి బోల్తా పడినా కాపాడే ఇనుప గొట్టం చట్రం) లేకపోతే మంచి నడుము బెల్టే వేసుకోండి. అది పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద పడేలా ఉండాలి.

బెల్టు మాత్రం సెకండ్ హ్యాండ్ కొనొద్దు. ఒకసారి యాక్సిడెంట్‌లో మనిషిని ఆపిన పట్టీ సాగి ఉంటుంది, అది కంటికి తెలియదు. ఐఎస్ 15140 లేబుల్ ఉన్న కొత్త బెల్టుకు అయ్యే ఖర్చు దగ్గర బేరం ఆలోచించొద్దు.

సమస్య: ఎండెక్కితే సీటు నుంచి మురుగు వాసన

వరద బండి సీటు. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు ఈ ఊళ్లో మునిగిన కార్లు తక్కువేమీ కాదు. కొనేటప్పుడే రెక్సిన్ కింది అంచు జిప్ తీసి, ఫోమ్ కింద ఉన్న స్ప్రింగుల కొక్కేల్లో వేలు పెట్టి చూడండి. సన్నటి బూడిదరంగు మట్టి వేలికి అంటితే ఆ సీటు నీళ్లు తాగింది. వాసన ఎండబెడితే పోదు. ఫోమ్ మొత్తం పారేయాలి, ఫ్రేమును వైర్ బ్రష్‌తో తుప్పు తీసి పెయింట్ చేయించాలి. సీటు కుట్టేవాళ్ల దగ్గర 40 డెన్సిటీ పీయూ ఫోమ్ అడగండి, అంతకన్నా మెత్తటిది త్వరగా అణిగిపోతుంది.

సమస్య: మోకాళ్లు పైకి లేస్తున్నాయి, లేదా తల టాపుకు తగులుతోంది

మోకాళ్లు లేస్తే సీటు కిందికి ఉంది, తల తగిలితే పైకి ఉంది. అడ్డపట్టీల ఎత్తు మార్చండి. ఫోమ్ తగ్గించి సరిచేస్తే కింద ఫ్రేము గుచ్చుకుంటుంది. తల వెనక హెడ్‌రెస్ట్ లేని సీటయితే, దాని గొట్టాలు పట్టే సీటే వెతుక్కోవడం మెడకు మంచిది.

అన్నీ బిగించాక ఎం8 బోల్టులు సుమారు 25, ఎం10 అయితే 45 నుంచి 50 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచ్‌తో బిగించి, ప్రతి బోల్టు తల మీద నుంచి పట్టీ దాకా పెయింటుతో గీత గీయండి. ఒకసారి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం దాకా వెళ్లొచ్చి చూడండి. గీత విరిగి పక్కకు జరిగిన బోల్టు ఉంటే దాన్ని మళ్లీ బిగించి వదిలేయకుండా, విప్పి దాని కింద రేకు ఎలా ఉందో చూడండి.